ఇంజినీరు పేరిట మొక్కు

పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దుటి నుంచీ బాయిలరు ఒక్కసారైనా బుస్సుమనలేదన్న సంగతి రామలింగానికి అప్పుడు తట్టింది.

పది రోజులు చలిజ్వరంతో గుడిసెలో ముడుచుకుని పడుకుని, ఆ పూటే లేచి పనిలోకి వచ్చిన మనిషి. జ్వరానికి కొయినా మాత్రలు మింగీ మింగీ చెవుల్లో ఒకటే హోరు. ఆ హోరులో వినపడలేదేమోలే అని తనకు తాను సర్దిచెప్పుకోబోయాడు. చేతిలో కట్టె కింద పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. రంపం కీచుమంటోంది. దాన్ని తిప్పే తోలు పటా టపటపలాడుతోంది. తాలిపేరు ఏటి ఒడ్డున దుంగలు దొర్లించేవాళ్ళ అదిలింపులు కూడా వినపడుతున్నాయి. వినపడవలసిందొక్కటే వినపడటం లేదు.

బాయిలరు సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. లోపల ఆవిరి ఉండవలసిన దానికన్నా ఎక్కువైతే నెత్తిమీది వాల్వు తనంత తానే లేచి, ఎక్కువైనదాన్ని బుస్సున బయటికి వదిలేస్తుంది. ఆ వాల్వును అణచి ఉంచేది మూరెడు ఇనుప కడ్డీ, కడ్డీకి వేలాడే ఒక ఇనుప గుండు. ఆ గుండు తూచి పెట్టింది. గంటకు రెండు మూడుసార్లు బుస్సుమంటేనే దానికీ క్షేమం, చుట్టూ ఉన్న మనుషులకూ క్షేమం. ఆవిరి ఎంతుందో చూపించే గేజీ కూడా ఉండేది. వానల ముందు ఒక దుంగ తగిలి దాని అద్దం పగిలింది, ముల్లు నలభై మీద ఇరుక్కుపోయింది. కొత్తది తెప్పించమని రామలింగం మూడుసార్లు అడిగాడు. జర్మనీ యుద్ధం రోజుల్లో గేజీ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందని మిల్లు యజమాని శ్రీరంగం సావుకారు మూడుసార్లూ నవ్వేశాడు. అప్పటి నుంచీ పొయ్యి మండినా ఆరినా ముల్లు నలభై మీదే ఉంటోంది.

రామలింగం రంపం వంక చూశాడు. ఏడాదిన్నరగా ఈ మిల్లు నడుపుతున్నాడు గాని అది ఇంత జోరుగా తిరగడం ఎన్నడూ చూడలేదు. మద్ది దుంగ ముల్లంగిని కోసినట్టు తెగిపోతోంది. రంపం దగ్గరి మనుషులు సంబరంగా ఉన్నారు. వాళ్ళ సంబరం చూసేసరికి అతనికి ఇంకా భయం వేసింది.

బాయిలరు వెనక నిచ్చెన ఉంది. జ్వరం తిన్న ఒంటితో మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. పాక కప్పు కిందికంటా వంగి, పొగగొట్టం అడ్డంగా ఉండటంవల్ల కిందనుంచి చూస్తే వాల్వు కడ్డీ కనపడదు. పైకి వెళ్ళి చూశాడు. చూసి, నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు.

కడ్డీ కొసన, గుండుకు అవతల, నూలు దారాలతో కట్టి ఇనుప మొక్కులు వేలాడుతున్నాయి. చిన్న చిన్న గంటలు, ప్రమిదలు, జానెడు త్రిశూలం, అరిగిపోయిన పార ముక్క, బాణం ములుకులు, ఎవరో పసిపిల్ల కాలి కడియం. పసుపు పూశారు. కోడి రక్తం చిలకరించారు, అది వేడికి నల్లగా మాడిపోయింది. ఇరవై మూడు ఉన్నాయి. అన్నీ కలిపి నాలుగు శేర్ల బరువుకు తక్కువ ఉండదు. ఆ నాలుగు శేర్లూ కడ్డీ చిట్టచివర వేలాడి వాల్వును లేవకుండా అణచేస్తున్నాయి. లోపల ఆవిరి ఎనభై పౌండ్లుందో, తొంభై ఉందో, వంద దాటిందో చెప్పగల నాథుడు లేడు.

చెయ్యి దానంతటదే మొక్కుల మీదికి వెళ్ళింది. వెళ్ళి, ఆగిపోయింది.

పదిహేనేళ్ళ కిందట గోదావరి దిగువన ఒక బియ్యం మిల్లులో అతను నిప్పులు ఎగదోసే పని చేసేవాడు. అక్కడ ఒకరోజు వాల్వు బిగుసుకుపోతే ఒకడు సుత్తితో కొట్టాడు. బాయిలరు రెండు ఇళ్ళు దాటి పడింది. చచ్చినవాళ్ళను గోనెపట్టాల్లో మోసుకెళ్ళినవాళ్ళలో రామలింగం ఒకడు. అందులో ఒక పట్టా మరీ తేలిగ్గా ఉంది. ఆ తరవాత ముసలి డ్రైవరు ఒకాయన అతనికి మూడు మాటలు చెప్పాడు. భయం వేస్తే ముందు నిప్పు చంపు. వాల్వు జోలికి పోకు. చన్నీళ్ళు పొయ్యకు. రామలింగానికి ఉన్న చదువల్లా ఆ మూడు మాటలే.

నిచ్చెన దిగేసరికి బాయిలరు పక్క గుంజకు కట్టిన ఉయ్యాల కనిపించింది. పుష్యమాసం చలి. నీళ్ళు మోసే మనిషి మాసే తన అయిదు నెలల పిల్లను వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకోబెడుతుంది. పిల్ల గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. మాసే కావడి దించి నవ్వుతూ వచ్చింది.

పిల్లను తీసుకుని ఏటి ఒడ్డు బండలవతలికి వెళ్ళిపొమ్మన్నాడు రామలింగం. ఎందుకని ఆమె అడిగింది. విడమరిచి చెప్పే వ్యవధి లేదు. నోటికి అలవాటైన అబద్ధమే వచ్చింది.

"ఇంజనుకు కోపమొచ్చింది మాసే. పో."

"కోపం పోయింది గద ఇంజినీరూ," అంది మాసే. "మేం మొక్కులు కట్టినంక బుస్సుమంటనే లేదు. ముందు రంపానికి ఇర్మా వేళ్ళు పోయినయని కట్టినం. తర్వాత నువ్వు మంచాన పడ్డవు. నీ జొరం తగ్గాలని ఇంటికొకటి కట్టినం."

ఆ కాలి కడియం ఎవరిదో అతనికి అప్పుడు అర్థమైంది. ఉయ్యాలలో పిల్ల కుడికాలు బోసిగా ఉంది.

ఉయ్యాల ముడి విప్పి పిల్లను తల్లి చేతుల్లో పెట్టి, భుజం పట్టి ఏటివైపు నెట్టాడు. రంపం దగ్గరికి వెళ్ళి అందరినీ పొమ్మన్నాడు. అతని మొహం చూసి వాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యకుండా కదిలారు. తడి బూడిద పారతో ఎత్తి పొయ్యిలో నిప్పుల మీద పరిచాడు. గాలి పోయే తలుపు మూశాడు. ఇక చెయ్యవలసిందేమీ లేదు. ఆవిరి దిగేదాకా ఎదురుచూడటమే.

నిజం చెప్పాలంటే అతనూ బండలవతలికి పోవచ్చు. పోవాలని ఎంతగానో ఉంది. కాని నిప్పు మళ్ళీ రాజుకుంటే చూసేవాళ్ళు కావాలి. అందుకని ఒక్కడే పొయ్యి ముందు గొంతుక్కూచుని, రేకుల కీళ్ళు కిర్రుమన్నప్పుడల్లా కళ్ళు మూసుకుంటూ ఉండిపోయాడు.

ఇంజినీరన్న మాట అతను పుట్టిన ఊళ్ళో చిన్నప్పుడే విన్నాడు. వాళ్ళది దుమ్ముగూడెం. తండ్రి గోదావరి ఆనకట్ట మీద తలుపులెత్తే కూలీ. ఇంజినీరు దొర వస్తున్నాడంటే కుర్చీ వేసి, గొడుగు పట్టి, ఊరంతా చేతులు కట్టుకుని నిలబడేది. బియ్యం మిల్లుకు వచ్చాక ఆ మాటకు ఇంకో రూపం కనపడింది. ఏడాదికొకసారి రైలు దిగి వచ్చే సన్నపాటి మనిషి. చిన్న సుత్తితో బాయిలరు రేకుల్ని తట్టి, చెవి ఒగ్గి విని, పుస్తకంలో ఒక అంకె రాసి పోయేవాడు. ఆ అంకె దాటి నడపాలంటే మిల్లు యజమానికే గుండె జారేది.

ఈ బస్తరు రాజ్యంలో ఆ మాటకు అర్థం వేరు. ఇక్కడి అడవిలో ఉండే దొర్లవాళ్ళకు మొదట కనపడ్డ ఇంజినీరు గొలుసూ, ఎర్రజెండాలూ పట్టుకుని రోడ్డు కొలవడానికి వచ్చినవాడు. అతను వెళ్ళిన వెనకనే వెట్టి వచ్చింది. ఇంటికొక మనిషి, ఎవరి తిండి వాళ్ళు మోసుకుపోయి, ఒక్క కానీ అయినా కూలి లేకుండా నలభై రోజులు మట్టి కొట్టారు. కోతల కాలం. చేలమీదే వడ్లు రాలిపోయాయి. అందుకని శ్రీరంగం సావుకారు భోపాలపట్నం నుంచి వచ్చి, పదహారు ఎడ్లతో ఈ ఇంజనును లాగించుకొచ్చి, రామలింగం భుజం తట్టి ఇతనే మా ఇంజినీరని ఊరికి చూపించిన మర్నాడు ఊళ్ళో పొయ్యి వెలగలేదు. పిల్లాజెల్లాతో మూడు రోజులు అడవిలో ఉన్నారు.

నేను ఇంజినీరును కాదయ్యా, నిప్పులు ఎగదోసేవాణ్ణి అని ఆనాడే చెప్పెయ్యవలసింది. చెప్పలేదు. ఆ పేరు చెవికి ఇంపుగా ఉంది. ముప్పై ఏళ్ళు ఒరే అనిపించుకున్న మనిషికి అది మత్తుగా ఎక్కింది. మెల్లగా అడవిలోంచి వచ్చినవాళ్ళకు కూలి ఇస్తారని నమ్మకం కలిగించాడు, వాళ్ళ మాట నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. కాలే రేకుల మీద, కదిలే కడ్డీల మీద వాళ్ళు చేతులు పెట్టకుండా ఉండాలని ఒక ఉపాయం కూడా చేశాడు. ఇది దేవుడు, ఆ పైనున్నది దేవుడి చెయ్యి, వాల్వు బుస్సుమంటే దేవుడికి కోపం అన్నాడు. వాళ్ళు నమ్మారు. నమ్మినందుకు వారానికొక కోడిపెట్ట తెచ్చి ఇచ్చేవారు. వాళ్ళ దేవుడికి పూజారి ఎలాగో ఈ ఇనుప దేవుడికి ఇంజినీరు అలాగన్నమాట. రామలింగం ఆ కోళ్ళు వండుకు తిన్నాడు. ఇప్పుడు ఆ దేవుడి చేతికే ఇర్మా వేళ్ళ కోసం, తన ప్రాణం కోసం ఇరవై మూడు మొక్కులు కట్టారు.

నీడ బారెడు జరిగింది. రేకుల కిర్రు తగ్గింది. పొయ్యిలో ఎరుపు చచ్చింది. రామలింగం మళ్ళీ నిచ్చెన ఎక్కి, మోచేతులు కప్పు వెదురుకు ఆనించి, ఒక్కొక్క దారమే కోసి ఒక్కొక్క మొక్కూ తీసి ఒడిలో వేసుకున్నాడు. పద్దెనిమిదోది తీసేసరికి వాల్వు సన్నగా బుస్సుమంది. ఆ చప్పుడుకు అతనికి ఏడుపు వచ్చింది. మిగిలినవి కూడా తీసి, మోదుగాకులో పెట్టి, కిందికి దిగి బాయిలరు చుట్టూ తిరిగి చూశాడు.

పొయ్యి తలుపుకు పైన రేకు బయటికి ఉబ్బి ఉంది. అరచెయ్యంత ఉబ్బు. జ్వరం రాకముందు అది లేదు. దాని కింది కీలు వెంబడి బొట్టు బొట్టుగా నీళ్ళు చెమరుస్తున్నాయి. ఆ రైల్లో వచ్చే సన్నపాటి మనిషి ఇక్కడ ఉంటే సుత్తితో తట్టి, అది ఇంకెంత కాలం ఆగుతుందో చెప్పేవాడు. రామలింగానికి తెలియదు. తనకు తెలియదన్న సంగతి మాత్రం అంత బాగా ఎప్పుడూ తెలియలేదు.

రంపం ఎంతకీ మళ్ళీ మోగకపోవడం శ్రీరంగం గమనించాడు. మనిషి మూడు వందల అడుగుల దూరాన, దిబ్బమీది బంగళాలో ఉంటాడు. గొడుగు పట్టుకుని, లెక్కలు రాసే మున్షీని వెంటేసుకుని దిగి వచ్చాడు. మోదుగాకులోని మొక్కులు చూశాడు. సంగతి విని, మొదట కడుపారా నవ్వాడు. ఆ తరవాత మొహంలో లెక్క మొదలైంది. అంతకుముందు రోజుకు డెబ్బై స్లీపర్లు, అంటే రైలు పట్టాల కింద పరిచే దిమ్మలు, తెగేవి. ఈ పది రోజులూ నూటికి పైగా తెగాయి. ఎందుకో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"ఇంత చిన్న కిటుకు నీకు ఏడాదిన్నర తెల్వకపాయె," అన్నాడు. "మళ్ళ కట్టు."

రామలింగం ఉబ్బు చూపించాడు. శ్రీరంగం దాని దగ్గరికి రాలేదు. దూరం నుంచే, మనిషికి కురుపు లేవదా ఏంది, దీనికీ లేచింది అన్నాడు. స్లీపర్ల గుత్త ఇచ్చే రైలు ఠేకా సాహెబు రేపు మధ్యాహ్నానికి వస్తున్నాడు. పదిహేను వందల స్లీపర్లు ఒడ్డున పేర్చి చూపించాలి. ఎనభై తక్కువున్నాయి. చూపించలేకపోతే ఠేకా ఇంకొకడికి పోతుంది. ఈ సాయంత్రం, రేపు పొద్దున తెగితే చాలు. ఆ తరవాత కావాలంటే ఉబ్బుకు మందు రాయించుకో అన్నాడు.

మున్షీ ఒక కాగితం తీశాడు. మిల్లు ఇంజినీరునైన నేను బాయిలరును స్వయంగా చూశాననీ, ఏ దోషమూ లేదనీ, జరగరానిది జరిగితే పూచీ నాదేననీ అందులో రాసి ఉంది. సాహెబుకు అది చూపించాలట. రామలింగం పేరు మున్షీ జీతాల పుస్తకంలో నెలకు పద్దెనిమిది రూపాయల ఫైర్‌మానుగా ఉంది. జీతం రోజున ఫైర్‌మాను, సంతకం రోజున ఇంజినీరు. అతనికి ఆ తేడా ఇదివరకు కూడా తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

సంతకం చెయ్యనంటే ఏమవుతుందో శ్రీరంగం అరవకుండానే చెప్పాడు. కొయినా ఎవరు తెప్పించారో గుర్తుచేశాడు. ఇంజను చెడగొట్టి పని ఎగ్గొట్టాడని ఠాణాకు రాస్తే, దారోగా ఎవరి మాట వింటాడో నువ్వే ఆలోచించుకో అన్నాడు. ఈ రాజ్యంలో సావుకారు ఫిర్యాదు మీద లోపలికి పోయినవాడు ఎప్పుడు బయటికి వస్తాడో ఎవరికీ తెలియదు. దుమ్ముగూడెంలో పెళ్ళాం సోమమ్మ నెలనెలా వచ్చే పది రూపాయల కోసం చూస్తుంటుంది.

"సగం మొక్కులు కట్టు, పో," అన్నాడు శ్రీరంగం, బేరం కుదిర్చినవాడిలా. "నీ మాటా ఉంటది, నా మాటా ఉంటది."

రామలింగం సరేనన్నాడు. అవును, అన్నాడు. భయపడ్డవాడు ఏమంటాడు. సంతకం పొయ్యి రాజుకున్నాక పెడతానని కాగితం మడిచి రొండిన దోపుకున్నాడు. పొయ్యి తలుపు తెరిచి, తడి బూడిద పక్కకు లాగి, ఎండుపుల్లలు వేసి ఊదాడు. నిప్పు తేలిగ్గానే అంటుకుంది. సావుకారు దిబ్బమీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి చూస్తూ నిలబడ్డాడు.

పొగ చూసి బండలవతలివాళ్ళు ఒకరొకరే వచ్చారు. దుంగలు దొర్లించేవాళ్ళ పెద్ద హుంగా వచ్చాడు. రెండు వేళ్ళు పోయిన చేతికి గుడ్డ చుట్టుకుని ఇర్మా వచ్చాడు. మాసే వచ్చింది. వచ్చి, ఎప్పటిలాగే ఉయ్యాల గుడ్డను ఆ గుంజకే కట్టసాగింది. గుంజకూ ఉబ్బుకూ మధ్య రెండు బారలుంటుంది.

"అక్కడొద్దు మాసే," అన్నాడు రామలింగం.

"ఇంజినీరు లేచి వచ్చినవు గద," అంది ఆమె, ముడి బిగిస్తూ. "ఇంక భయమేంది."

పిల్లను ఉయ్యాలలో వేసి, కావడి ఎత్తుకుని ఏటికి పోయింది. పోతూ వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు.

తేలిగ్గా ఉన్న ఆ గోనెపట్టా బరువు రామలింగం భుజానికి తెలిసింది. నిప్పులు లాగే కొంకి అందుకున్నాడు. పొయ్యిలోకి దూర్చి, మండుతున్న కట్టెల్నీ పుల్లల్నీ బూడిదనీ అంతా బయటికి, తన కాళ్ళ ముందుకు లాగేశాడు. ఒక నిప్పురవ్వ పాదం మీద పడి కాలితే కూడా ఆగలేదు. ఆఖరి నిప్పు దాకా లాగి, మట్టి కప్పి, ఉయ్యాల విప్పి పిల్లను ఎత్తుకుని వచ్చి హుంగా చేతిలో పెట్టాడు. అందరూ చూస్తున్నారు.

"ఇది దేవుడు గాదు," అన్నాడు. "నీళ్ళు కాగే కుండ. మూత బిగిస్తే పగులుతది. దేవుడి చెయ్యని నేనే చెప్పిన. మీరు ముట్టకుండ ఉండాలని చెప్పిన, తప్పు చేసిన. నేను ఇంజినీరును గూడ గాను. నిప్పేసేటోణ్ణి. ఈ ఉబ్బు సంగతి నాకు తెల్వదు. తెల్సినోడొచ్చి చూసేదాక దీన్ని ముట్టియ్యొద్దు."

వాళ్ళకు కోపం వచ్చిందో, నమ్మలేదో మొహాల్లో తెలియలేదు. మొక్కులున్న మోదుగాకు వంక, అతని వంక మార్చి మార్చి చూశారు. కడకు ఇర్మా ముందుకు వచ్చాడు. గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తాడు.

"దేవుడు గాకపోతే నా వేళ్ళు ఎవడు తీసుకున్నడు?"

ఈ ప్రశ్న వస్తుందని రామలింగం అనుకోలేదు. వచ్చాక, దీనికోసమే ఇన్నాళ్ళూ లోలోపల భయపడుతున్నానని తెలిసింది.

"రంపానికి పలకలతోటి కప్పుండాలె," అన్నాడు. "నాలుగు పలకలడిగితే సావుకారు ఇయ్యలే. నీ వేళ్ళు తెగిన్నాడు దేవుడి కోపమని ఆయనంటుంటే, నేను నోరు మూసుకున్న."

ఇర్మా చెయ్యి దించలేదు. చుట్టూ కొండంత ఎత్తు పలకలు పేర్చి ఉన్నాయి. వాటివంక ఒకసారి చూశాడు. కొడతాడేమోనని రామలింగం అనుకున్నాడు, కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఇర్మా కొట్టలేదు. వెళ్ళి ఒక దుంగ మీద కూచుని, మోచెయ్యి మోకాలికి ఆనించుకున్నాడు.

పొగ చచ్చిపోయేసరికి శ్రీరంగం ఈసారి గొడుగు కూడా లేకుండా దిగి వచ్చాడు. నేలమీది నిప్పులూ, మట్టీ చూశాడు. రామలింగం రొండిలోంచి కాగితం తీసి, మడత విప్పకుండానే మున్షీకి తిరిగి ఇచ్చేశాడు. తన చేతితో పొయ్యి ముట్టించననీ, సంతకం పెట్టననీ అన్నాడు. అంటున్నంతసేపూ దవడలు కొట్టుకున్నాయి, జ్వరం తిరగబెట్టిందేమో అనిపించేంతగా.

శ్రీరంగం అతనివంక చూడటం మానేశాడు. అంతటితో ఆ మనిషి లెక్కలోంచి పోయినట్టే. పిల్లను ఎత్తుకుని నిలబడ్డ హుంగా వైపు తిరిగాడు. ఈ పది రోజులూ పొయ్యి చూసింది హుంగానే. నిప్పెయ్యడం తెలుసు, నీళ్ళు పట్టడం తెలుసు.

"హుంగా, ఇయ్యాల్టి నించి నువ్వే మిల్లు ఇంజినీరువి," అన్నాడు. "కూలి మూడణాలు గాదు, ఆరణాలు. సాహెబు ముందర గూడ నీ పేరే చెప్త. ముట్టియ్యి."

ఊరి మనిషికి ఆ పేరు పెట్టడం అదే మొదలు. ఆ మాట వింటేనే అడవిలోకి పారిపోయిన మనుషులు వాళ్ళు. రెట్టింపు కూలి. ఇంట్లో నలుగురు తినేవాళ్ళు. రామలింగం హుంగా కళ్ళలోకి చూడబోయాడు, అవి అందలేదు. ముసలివాడు బాయిలరును చూస్తున్నాడు. దాని మీద తనూ ఒక మొక్కు కట్టాడు. ఇంతసేపూ దేవుడనుకున్నదాని ఎదట నిలబడి, అది కుండ అని నమ్మాలో వద్దో తేల్చుకోవడం ఒక్క పూటలో అయ్యే పని కాదు.

"ఇంజినీరైతే దీని పక్కన నిలవడాలె గద," అన్నాడు హుంగా నెమ్మదిగా.

"నిలవడాలె."

"నువ్వెక్కడ నిలవడతవు సావుకారీ?"

శ్రీరంగం దిబ్బవైపు ఒక చూపు చూశాడు, అంతే. అది అందరూ చూశారు.

"నాకొద్దు ఆ పేరు," అన్నాడు హుంగా.

అని, ఇర్మా కూచున్న దుంగ మీదికే వెళ్ళి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. తక్కినవాళ్ళు నిలబడినవాళ్ళు నిలబడినట్టే ఉన్నారు. మాసే ఏటినుంచి వచ్చి, ఏమైందో తెలియక, నిండు కుండలతో ఆగిపోయింది. బాయిలరులో నీళ్ళు పొయ్యమని శ్రీరంగం ఆమె మీద కేక వేశాడు. ఆమె హుంగా ఒళ్ళో పిల్లను చూసింది, విప్పి ఉన్న ఉయ్యాలను చూసింది, నేలమీద చల్లారుతున్న నిప్పుల్ని చూసింది. కావడి అక్కడే దించింది.

శ్రీరంగం తిట్టాడు. ఊరంతటినీ వెట్టికి రాయిస్తానన్నాడు. మున్షీని గుర్రమెక్కించి అప్పటికప్పుడే ఠాణాకు పంపించాడు. పొద్దున్నే చెర్లనుంచి వేరే ఫైర్‌మానును తెప్పిస్తాననీ, వాడు ముట్టిస్తాడనీ, అప్పుడు మీరంతా కాళ్ళు పట్టుకుని వస్తారనీ చెప్పి దిబ్బెక్కి పోయాడు.

గుర్రం గిట్టల చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా ఎవరూ కదల్లేదు. రామలింగం వీపుకు చల్లగాలి తగిలింది. వెనక తాలిపేరు. ఈ కాలంలో మోకాలి లోతుకన్నా ఉండదు. ఏరు దాటి, అడవిలో కొన్ని కోసులు నడిస్తే చెర్ల. అది ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. రాజుగారి ఠాణావాళ్ళు అక్కడికి రాలేరు. చీకటి పడేలోగా చేరుకోవచ్చు, ఎల్లుండికి దుమ్ముగూడెంలో సోమమ్మ పెట్టిన అన్నం తినవచ్చు. పోతే ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు కూడా. ఇంజినీరును కానని తనే చెప్పుకున్నాడాయె.

"రేపొచ్చేటోనికి ఈ ఉబ్బు సంగతి ఎవరు చెప్తరు?" అని అడిగాడు హుంగా.

అందులో నిష్ఠూరం లేదు. తెలియక అడిగాడు, అంతే. వచ్చేవాడికి కూడా ఎక్కడో పెళ్ళాం పిల్లలుంటారు. పొయ్యి ముట్టించేముందు వాడు గేజీ చూస్తాడు. అది నలభై చూపిస్తుంది.

"నేను చెప్త," అన్నాడు రామలింగం.

కొంకి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, పొయ్యి ముందర, ఠాణా దారివైపు మొహం పెట్టి కూచున్నాడు. ఏటివంక తల తిప్పలేదు. తిప్పితే లేచి పరుగెడతానని అతనికి తెలుసు.